పాతెండ గది

హిమవాటికలో పుట్టిన పిల్లలు ఎండాకాలం అన్న మాటను పుస్తకాల్లోనే చదువుకుంటారు. కృష్ణ ఒడ్డున పల్నాటి బండల మీద కట్టిన ఆ నగరానికి ఆకాశం లేదు, గాజుకప్పు ఉంది. కప్పు కింద ఆరు లక్షల జనం. పన్నెండు నెలలూ ఇరవై మూడు డిగ్రీలు. ఏప్రిల్ నెలలో కూడా ఆడవాళ్ళు శాలువా కప్పుకుని కూరగాయలకు వెళతారు. మిరపకాయ బజ్జీల కొట్టు దగ్గర పొయ్యి చుట్టూ చేతులు కాచుకునేవాళ్ళే ఎక్కువ. ఇది 2096వ సంవత్సరం. కప్పు బయట ఎండ మనుషుల్ని చంపుతున్న కాలం.

డాక్టర్ దేవరపల్లి ఉదయిని ఆ నగరంలోనే పుట్టి, ఆ నగరంలోనే యాభై దాటింది. బయటి ఎండ ఆమె ఒంటికి తగిలింది తక్కువ. కానీ ఎండ గురించి ఆమెకు తెలిసినంత దేశంలో ఇంకొకరికి తెలియదని పేరు. ఇవాళ్టి ఎండ గురించి కాదు. అయిదున్నర కోట్ల ఏళ్ల నాటి ఎండ గురించి.

ఆ రోజుల్లో భూమి ఇప్పటికంటే ఎంతో వేడిగా ఉండేది. ధ్రువాల దగ్గర మంచు లేదు, అక్కడ మొసళ్ళు ఈదేవి. మన నేల అప్పటికింకా ఆసియాకు పూర్తిగా అతుక్కోలేదు. భూమధ్యరేఖ దగ్గర సముద్రం మధ్య తేలుతూ ఉండేది. ఇదంతా ఎవరు చూశారు? సూక్ష్మగవ్వలు చూశాయి. సముద్రంలో ఇసుకరేణువంత జీవులు కొన్ని తమ చుట్టూ గవ్వ కట్టుకుంటాయి. నీళ్ళు చల్లగా ఉంటే ఆ గవ్వలోకి బరువైన ఆక్సిజన్ ఎక్కువ చేరుతుంది, వెచ్చగా ఉంటే తక్కువ చేరుతుంది. జీవి చచ్చి అడుగున పడుతుంది, దాని మీద బురద చేరుతుంది, బురద రాయవుతుంది. గోదావరి సముద్రంలో కలిసేచోట లోతుగా తవ్వి తీసిన రాతికడ్డీల్లో అలాంటి గవ్వలు కోట్ల కొద్దీ ఉన్నాయి.

వాటిని ఒక్కొక్కటే చదివే యంత్రాన్ని ఉదయిని తయారుచేసింది. దాని పేరు యుగదర్శిని. అది గవ్వల్లోంచి సముద్రపు వేడినీ, శిలాజాలైన ఆకుల మీది పత్రరంధ్రాల్లోంచి గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ, పుప్పొడిలోంచి వానలనూ లెక్కగట్టి, అన్నీ కలిపి ఆనాటి ఒక రోజును అల్లుతుంది. ఉరామరిగా కాదు, గంట గంటకీ. అంతటితో ఆగితే అదొక లెక్కల యంత్రమే అయ్యేది. ఉదయిని దానికొక గదిని జోడించింది. గాజుగోడల గది. దర్శిని అల్లిన రోజును ఆ గది వీస్తుంది, ఉక్కపోస్తుంది, కాస్తుంది. అయిదున్నర కోట్ల ఏళ్ల కిందటి మధ్యాహ్నంలోకి మనిషి చెప్పులతో నడిచి వెళ్లొచ్చు. పరిశోధనాలయంలో అందరూ దాన్ని పాతెండ గది అనేవాళ్ళు. ఆ గది కోసం ఆమె ఇరవై ఏళ్ళు ఖర్చుపెట్టింది. పెళ్ళి సంగతి ఆలోచించే తీరిక దొరకలేదు. దొరికినా వద్దనుకునేదేమో.

ఆ ఏడు ఉష్ణ నిర్వహణ సంఘం కమిషనర్ తారకేశ్వర్ స్వయంగా పరిశోధనాలయానికి వచ్చాడు. మంచి మాటకారి. వచ్చీ రాగానే గది చుట్టూ తిరిగి చూసి, "అద్భుతం మేడమ్," అన్నాడు. "మీ గది వల్ల పదివేల ప్రాణాలు నిలబడతాయి."

"ఎలా?"

"ఏడో వార్డు ఖాళీ చేయించాలి. ఇంకో ముప్పై ఏళ్లలో బయట మీ పాతెండే కాస్తుందని మన నిపుణులంతా అంటున్నారు. ఆ జనం వినరు. ఉత్తరాన శిబిరాలు కట్టించాం, రైలు పెడతాం అన్నాం. కదలరు. రాబోయే ఎండేమిటో వాళ్ళ ప్రతినిధులకు ఒక్కసారి చూపించండి. భయపెట్టమని కాదు. అర్థమయ్యేలా చేయండి, చాలు."

ఏడో వార్డు నగరపు గోడకు ఆవలివైపు ఉంటుంది. కప్పు దాని మీదికి రాదు. నగరాన్ని చల్లబరిచే యంత్రాల్లో పనిచేసేవాళ్ళు, నాపరాయి కోసేవాళ్ళు అక్కడ ఉంటారు. వాళ్ళు దాన్ని సెగపేట అంటారు. ఉదయిని ఆ పేరు వింది కానీ ఎప్పుడూ అటు వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పని పడలేదు. ప్రాణాలు నిలబడతాయంటే ఎవరు కాదంటారు? ఒప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం సెగపేట నుంచి అయిదుగురు వచ్చారు. ముందు నడిచే ఆవిడ పేరు మస్తాన్‌బీ. అరవై ఏళ్ళుంటాయి, నిలువెత్తు మనిషి, గొంతు ఆ మనిషికి తగ్గట్టే ఉంది. వార్డు సంఘానికి ఆమే పెద్ద. ఆమె వెనక చినగురవయ్య అనే ముసలాయన, మరో ముగ్గురు. తలకూ మొహానికీ తడిగుడ్డలు చుట్టుకుని ఉన్నారు. నగరంలోకి అడుగుపెట్టగానే చలికి వణికిపోయారు.

"ఏందమ్మా, ఈ గదిలో మమ్మల్ని కాల్చి చూపిస్తారంటగా?" అంది మస్తాన్‌బీ.

"కాల్చడం కాదండీ. తట్టుకోలేకపోతే వెంటనే బయటికి రండి, తలుపుకు గడియ లేదు," అంది ఉదయిని. ఒక వైద్యుణ్ణి పక్కన నిలబెట్టుకుంది. దర్శినికి పొరల్లో దొరికిన అన్ని రోజుల్లోకీ వేడి రోజును ఎంచింది. నలభై ఏడు డిగ్రీలు, సముద్రపు గాలి. ఆమె స్వయంగా ఆ గదిలో ఎప్పుడూ పది నిమిషాలకు మించి నిలబడలేదు, కళ్ళు తిరిగేవి.

అయిదుగురూ లోపలికి వెళ్ళారు. అద్దం ఇవతల కమిషనర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి మస్తాన్‌బీ తలకు చుట్టిన గుడ్డ విప్పింది. తర్వాత మొహం మీదిది విప్పింది. ఏదో వినబడుతున్నట్టు తల పక్కకు వంచింది. గదిలో గాలి వీస్తోంది, ఎప్పుడో ఇంకిపోయిన సముద్రం మీది గాలి. ఆమె నేల మీద చతికిలబడి కాళ్ళు చాపుకుంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. చినగురవయ్య గోడకు చేరగిలబడి, చూస్తూ ఉండగానే నిద్రపోయాడు.

వైద్యుడు కంగారుగా లోపలికి పరిగెత్తి నాడి పట్టుకున్నాడు. ముసలాయన కళ్ళు తెరిచి, "ఏందయ్యా, సక్కగా కునుకు పడతా ఉంటే!" అని కసిరాడు.

"మిషను చెడిపోయినట్టుంది," అన్నాడు తారకేశ్వర్.

ఉదయిని దర్శినిని అడిగింది. యంత్రం నిదానంగా జవాబిచ్చింది: "గది సరిగానే ఉంది. పొరల్లో నాకు దొరికిన అత్యంత వేడి మధ్యాహ్నం ఇదే."

మస్తాన్‌బీ బయటికొచ్చి అడిగింది. "ఇదేనా రాబొయ్యే ఎండ? ఎప్పుడొస్తది తల్లీ? తొందరగా రమ్మను."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా హాస్యానికి అనలేదు.

ఉదయిని తన లెక్కలోనే ఎక్కడో తప్పు ఉందనుకుంది. ఇరవై ఏళ్ల పని తప్పయినా ఫరవాలేదు, తప్పేమిటో తెలియాలి. వాళ్ళు వెళ్ళిపోతుంటే, కొలిచే పరికరాల పెట్టె భుజానికి తగిలించుకుని, "నేనూ మీతో వస్తాను," అంది.

మస్తాన్‌బీ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "ఆ శాలువా తీసి, ఈ తడిగుడ్డ కప్పుకో," అంది.

గోడలోని ఇనుప తలుపు దాటగానే ఉదయిని ఊపిరి ఆగిపోయింది. గాలి కాదది, కుమ్మరి ఆవం నోరు. మొదటి సందు మలుపు తిరిగేసరికి కంటిరెప్పలు మండాయి. సందుల్లో మనిషన్నవాడు లేడు. ఇళ్ళ గుమ్మాలకు తడిపిన గోనెలు వేలాడుతున్నాయి, వేలాడుతూనే ఎండిపోతున్నాయి. ఒక ఇంట్లో తల్లి చంటిదాన్ని నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టుకుని తనూ అందులోనే కూర్చుంది. ఆ తల్లి ఉదయిని వైపు చూసిన చూపులో ఆశ్చర్యం లేదు, ఆహ్వానం లేదు. తన ఓపిక తను కూడగట్టుకుంటోంది, అంతే.

"ఇదంతా ఎండేనా?" అంది ఉదయిని. గొంతు తడారిపోయింది.

మస్తాన్‌బీ చేయి చాచి చూపించింది. నగరపు గోడ పొడుగునా, మనిషి ఎత్తున, ఇంటి వాకిలంత వెడల్పున ఇనుప జాలీలు. వాటి వెనక పంకాలు. నగరంలోని ఆరు లక్షల మంది గదుల్లోంచి పీల్చిన వేడి, ఆ యంత్రాల సొంత వేడితో కలిసి, ఆ జాలీల్లోంచి సందుల్లోకి దూకుతోంది.

నగరంలో అందరికీ తెలిసిన విషయమే అది. వేడి ఎక్కడికో పోవాలిగదా, బయటికి పోతుంది. ఉదయినికీ తెలుసు. బయట అంటే ఎవరి మొహం మీదికో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఏడో వార్డుకు వేరే కొలత కూడా లేదు. నగరపు కప్పు మీద కొలిచిందే చుట్టుపక్కల అంతటికీ చెల్లుతుంది.

ఆమె అక్కడే, మస్తాన్‌బీ ఇంటి గుమ్మంలో పరికరాలు పెట్టి కొలిచింది. యాభై అయిదు.

సాయంత్రం పరిశోధనాలయానికి తిరిగొచ్చి, ఆ కొలతలన్నీ దర్శినికి ఎక్కించింది. "ఈ రోజు ఏ పొరలో ఉందో వెతుకు," అంది.

దర్శిని మామూలుగా చిటికెలో చెబుతుంది. ఈసారి చాలాసేపు పట్టింది. "నా దగ్గర పది కోట్ల ఏళ్ల పొరలున్నాయి. ఈ నేల మీద ఇలాంటి రోజు వాటిలో ఎక్కడా లేదు. ఇది ఏ గ్రహానిది?"

ఉదయిని కుర్చీలో వెనక్కి వాలింది. "ఇక్కడిదే. గోడలోంచి వచ్చే గాలిని తీసేసి చూడు."

"తీసేస్తే నలభై ఆరు. ఈ శతాబ్దానికి అది ఉండవలసిన ఎండే. కష్టమైనదే కానీ, చెట్లూ తడిచాపలూ ఉంటే మనిషి నిలబడగలడు. మిగతా తొమ్మిది డిగ్రీలు భూమివి కావు."

లెక్కలో తప్పు లేదు. తేలిక పడాల్సింది పోయి, ఆమెకు ఒళ్ళు మండింది. గవ్వలు నమ్మకంగా దాచి ఇచ్చిన ఎండను ఇరవై ఏళ్ళు కష్టపడి బయటికి తీస్తే, దాన్ని బూచిగా చూపించి జనాన్ని తరిమే పనికి వాడుతున్నారు.

ఆ రాత్రే తారకేశ్వర్‌ను కలిసి అంతా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

"ఎల్లుండి సంఘం సభ్యులు వస్తున్నారు మేడమ్. గది చూసి, వార్డు ఖాళీ చేయించే తీర్మానం చేస్తారు. మీరు గదిని కాస్త పెంచండి."

"ఏమిటి పెంచేది?"

"ఎండ. అయిదున్నర కోట్ల ఏళ్ల కిందటి మాట, సాక్షులెవరున్నారు?"

"గవ్వలున్నాయి."

అతను నవ్వాడు. "చూడండి. ఆ స్థలంలో ఇంకా కొత్త కూలర్లు పెట్టాలి. నగరం పెరుగుతోంది."

"వేడిని పైకి పంపే ఎత్తయిన గొట్టం కట్టండి. జనం మీదికి పోకుండా ఆకాశంలోకి పోతుంది. అదేమన్నా రానివిద్యా?"

"నగరం కట్టినప్పుడే అనుకున్నారు," అన్నాడు తారకేశ్వర్ మామూలుగా. "కప్పు మీదుగా అంత పొడుగు గొట్టం కనిపిస్తే చూడ్డానికి బాగుండదని మానేశారు."

ఆమె అతని మొహంలోకి చూసింది. సిగ్గు కోసం వెతికింది. అది కనబడలేదు. ఒకడు ఇల్లు కాలి ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన మనిషి కూడా ఇంత తాపీగా అడిగి ఉండడు.

"సరే," అంది ఉదయిని. "పెంచుతాను."

చెప్పిన రోజుకు సంఘం సభ్యులు పదకొండుమందీ వచ్చారు. విచారణను నగరమంతా తెరల మీద చూస్తోంది. సెగపేటవాళ్ళను కూడా పిలిచారు. ఒక మూలన మస్తాన్‌బీ, ఆమె మనుషులు నిలబడి ఉన్నారు. ఆమె ఉదయిని వైపు చూడలేదు. మొన్న గుమ్మంలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చిన మనిషి ఇవాళ పరాయిదానిలా చూపు తిప్పుకుంది. ఉదయిని కూడా సంజాయిషీ ఇవ్వలేదు. దర్శిని దగ్గరికి వంగి, ఏ రోజును అల్లాలో తక్కువ గొంతుతో చెప్పింది.

"ఖాయమేనా?" అంది దర్శిని.

"ఖాయమే. ఒక్క డిగ్రీ కూడా ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

సభ్యులు గదిలోకి వెళ్ళారు. తలుపు బార్లా తెరిచే ఉంది. ముందు నవ్వుకుంటూ కోట్లు విప్పారు. తర్వాత నవ్వులు ఆగాయి. ఒకావిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గది లోపలి గాలి వాళ్ళ కళ్లలోకి కొట్టింది. ఒకాయన గోడకు చేయి ఆనించి, కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. అందరికంటే ముందు బయటికి పరిగెత్తినవాడు సంఘం అధ్యక్షుడే. ఆయన వెనక మిగతావాళ్ళు తోసుకుంటూ వచ్చారు. కమిషనర్ ఆఖరున వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూనే, "భేష్," అన్నట్టు ఉదయినికి తలూపాడు.

అధ్యక్షుడు నీళ్ళు తాగి, మైకు అందుకున్నాడు. "అయ్యలారా, అమ్మలారా! ఇది మనిషి ఉండవలసిన చోటు కాదు. పశువును కూడా ఇలాంటి ఎండలో కట్టెయ్యడం నేరం. ఇలాంటి ఎండ ఒక్క రోజు కాసినా సరే, ఆ చోట మనుషుల్ని ఉంచినవాడు హంతకుడే. తీర్మానం పెడుతున్నాను." పదకొండు చేతులూ లేచాయి. ఒక్కరు కూడా తటపటాయించలేదు.

"తీర్మానం అయిపోయినట్టేనా?" అని అడిగింది ఉదయిని.

"అయింది. ఏకగ్రీవంగా."

"మీ మాటల్లోనే రాసుకోవాలి. మార్చకూడదు. ఇప్పుడు మీరు చూసింది పాతెండ కాదు. రాబోయేదీ కాదు. మొన్న మధ్యాహ్నం, మస్తాన్‌బీగారి ఇంటి గుమ్మం. ఈ గోడకు అవతల, ఇక్కణ్ణించి వంద గజాలు. పది కోట్ల ఏళ్లలో భూమి ఈ నేల మీద ఇలాంటి ఎండ ఎన్నడూ కాయలేదు. అది మన ఇళ్లలోంచి తీసి వాళ్ళ మీద పోసిన వేడి. భూమి తన జన్మలో కాసిన ఎండను కావాలంటే చూడండి." ఆమె దర్శినికి సైగ చేసింది. గదిలోంచి సముద్రపు గాలి బయటికి తేలివచ్చింది. చెమటతో ముద్దయిన సభ్యుల మొహాల మీద ఆ గాలి తగిలింది. అయిదున్నర కోట్ల ఏళ్ల నాటి ఆ ఎండగాలికి కొందరికి తెలియకుండానే ప్రాణం లేచొచ్చింది. ఒకరిద్దరు గది వైపు ఒక అడుగు వేశారు కూడా.

అధ్యక్షుడు మైకు మీద చేయి అడ్డం పెట్టి కమిషనర్‌తో ఏదో గుసగుసలాడాడు. తర్వాత, "ఈ విషయం పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేస్తాం," అన్నాడు.

"హంతకుడని ఇప్పుడే అన్నావు కదయ్యా!" మస్తాన్‌బీ గొంతు హాలంతా మోగింది. "ఆ హంతకుడికి ఉపసంఘమెందుకు?"

ఆ సాయంత్రమే ఉదయిని ఉద్యోగం పోయింది. పాతెండ గదికి తాళం వేశారు. నగరంలో సగం మంది ఆమెను తిట్టారు. మిగతా సగం పాపం అన్నారు. ఆ తర్వాత శాలువాలు సర్దుకుని పడుకున్నారు. వారం గడిచింది. ఒక్క పంకా వేగం కూడా తగ్గలేదు. మనిషికి నిజం తెలిస్తే మారతాడని ఆమె ఇరవై ఏళ్ళు నమ్మింది. నిజం తెలియడం వేరు, చలి వదులుకోవడం వేరని ఆ వారంలో అర్థమైంది.

ఎనిమిదోనాడు ఆమె తన సామాను సర్దుకుని ఇనుప తలుపు దాటింది. మస్తాన్‌బీ ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. కోసిన నాపరాళ్ళు బళ్ళ మీద పేర్చి ఉన్నాయి.

"ఏం చేస్తున్నారు?"

"ఉపసంఘం," అంది మస్తాన్‌బీ. "మాదీ ఒకటుండాలిగా. నువ్వు రాయి మొయ్యగలవా?"

"నేర్చుకుంటాను."

తెల్లవారు వేళ, కాస్త ఓర్చుకోగలిగే వేడిలో మొదలుపెట్టి, ఒక్కో జాలీకి రాళ్ళు ఎత్తి సున్నంతో బిగించుకుంటూ వెళ్ళారు. లోపలి పంకాలను నడిపేవాళ్ళు కూడా సెగపేటవాళ్ళే. వాళ్ళు పని మానలేదు, కళ్ళు మాత్రం పక్కకు తిప్పుకున్నారు. పోలీసులు వచ్చారు. రాళ్ళ ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్ళను చూసి, ఆ సందులో నిలబడలేక మళ్ళీ గోడ లోపలికి వెళ్ళిపోయారు. ఎండెక్కేసరికి సగం జాలీలు మూసుకున్నాయి. పోయే దారి లేక వేడి వెనక్కి తిరిగింది.

ఉదయిని ఫోను మోగింది. తారకేశ్వర్. ఆమె అందరికీ వినబడేలా పెట్టింది.

"ఏం చేస్తున్నారో తెలుస్తోందా మీకు? నగరం ఉడికిపోతోంది! పిల్లలు ఏడుస్తున్నారు, జనం వీధుల్లోకి వచ్చేశారు!"

"ఎంతుంది లోపల?"

"ఇరవై తొమ్మిది!"

ముందు చినగురవయ్య కిసుక్కుమన్నాడు. పక్కవాడు అందుకున్నాడు. నవ్వు ఇంటింటికీ పాకి, గోనెతెరల వెనకనున్న ఆడవాళ్ళకూ తాకి, సెగపేట సెగపేటంతా కడుపులు పట్టుకుని నవ్వింది. కమిషనర్ చాలాసేపు ఏమిటి, ఏమిటి అంటూనే ఉన్నాడు.

మస్తాన్‌బీ కళ్ళు తుడుచుకుని ఫోను తీసుకుంది. "ఆకాశంలోకి గొట్టం కట్టండయ్యా. అది లేచిన్నాడు రాళ్ళు మేమే తీస్తాం."

"గొట్టానికి నాలుగు నెలలు పడుతుంది! అప్పటిదాకా మేమెలా ఉండాలి?"

"ఎట్టా ఉండాలో మమ్మల్ని అడగండి. నేర్పిస్తాం."

ఆమె ఫోను తిరిగి ఉదయిని చేతిలో పెట్టి, బండి వైపు నడిచింది. రెండో సగం జాలీలు ఇంకా తెరిచే ఉన్నాయి. ఉదయిని ఫోను కట్టేసి, తలకు తడిగుడ్డ బిగించుకుని, ఒక నాపరాయి రెండో కొస పట్టుకుంది.